బిడ్డకు బాస్కెట్‌బాల్ మాస్టారును కుదుర్చుకునే ముందు

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో క్రీడా ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి ఏటా మాకు ఈ వేదిక మీద పది నిమిషాలు ఇస్తారు. ఏ పిల్లవాడు ఏ పోటీలో గెలిచాడో చదివి దిగిపోవటం మాకు అలవాటు. ఈసారి ఆ జాబితాను కార్యదర్శిగారి నివేదికలోనే చేర్చమని ఇచ్చేశాము. మాకిచ్చిన సమయమంతా ఒకే విషయానికి వాడుకోదలచాము. ఎందుకంటే ఈ సంవత్సరం మా ముందుకు ఒక కొత్త రకం కోరిక వచ్చింది. "మా అబ్బాయికి బాస్కెట్‌బాల్ నేర్పటానికి విడిగా ఒక కోచ్‌ను పెట్టాలనుకుంటున్నాం, మంచి మాస్టారు ఎక్కడ దొరుకుతాడు? ఎంత ఇవ్వాలి? సొసైటీ ఏమైనా సాయం చేస్తుందా?" అని. ఒక ఇంటినుంచి కాదు, అయిదారు ఇళ్ళనుంచి. అందులో ఆడపిల్లలున్న ఇళ్ళు కూడా ఉన్నాయి. ఈ మాట వినగానే కొందరు పెద్దలు "స్కాలర్‌షిప్పులకే డబ్బు చాలక చస్తుంటే బంతాటకు మాస్టార్లా?" అన్నారు. వారి మాటలోనూ న్యాయం ఉంది. దానికి జవాబు చివర చెబుతాము. ముందు అసలు విషయం చూద్దాం.

ట్యూషన్ మాస్టారును పెట్టుకోవటం మనకు కొత్త కాదు. లెక్కలకు ఒకరు, ఇంగ్లీషుకు ఒకరు, ఖురాన్ చదివించటానికి హజ్రత్ ఒకరు. వీళ్ళను ఎంచుకోవటంలో మనకు అనుభవం ఉంది. పిల్లవాడికి ఎక్కం రాకపోతే వారం తిరక్కుండానే తెలిసిపోతుంది. ఆట నేర్పే మాస్టారు విషయం అలా కాదండీ. తప్పు నేర్పినా చూసేవాళ్ళకు బాగానే కనబడుతుంది. పిల్లవాడు చెమటలు కక్కుతూ ఇంటికొస్తాడు, ఆకలిగా నాలుగు రొట్టెలు ఎక్కువ తింటాడు, మనం సంతోషిస్తాం. ఏడాది తర్వాత ఏ సెలక్షన్‌కో వెళితే అక్కడి వాళ్ళు చూసి "ఈ చెయ్యి ఎవరు పాడుచేశారు?" అని అడుగుతారు. అప్పటికి ఆ తప్పు చేతికీ కాలికీ అలవాటైపోయి ఉంటుంది. కొత్తగా నేర్పటం సులువు, అలవాటైన తప్పును మాన్పించటం కష్టం. ఏ మాస్టారునడిగినా ఇదే చెబుతాడు.

అందుచేత మొట్టమొదట ఇంట్లో కూర్చుని తేల్చుకోవలసినది, అసలు విడిగా మాస్టారు అవసరమా అని. పదేళ్ళలోపు పిల్లలకు అవసరం లేదని మా గట్టి అభిప్రాయం. ఆ వయసులో నలుగురితో కలిసి పరుగెత్తటం, ఎగరటం, బంతి పట్టటం, విసరటం, ఇవే చాలు. ఆ పిల్లలకు కావలసింది మాస్టారు కంటే ముందు సరైన బంతి. ఈ సంగతి చాలామందికి తెలియదు. బాస్కెట్‌బాల్ బంతి అందరికీ ఒకటి కాదు. మగవాళ్ళు ఆడేది 7వ సైజు, ఆడవాళ్ళది 6వ సైజు, పన్నెండేళ్ళలోపు వాళ్ళది 5వ సైజు. మనం దుకాణానికి వెళ్ళి "మంచిది ఇవ్వండి" అంటాం, వాడు 7వ సైజు ఇస్తాడు. ఎనిమిదేళ్ళ పిల్లవాడు దాన్ని రింగు దాకా చేర్చలేక, రెండు చేతులతో నడుము దగ్గర్నుంచి ఎత్తి విసురుతాడు. అదే అలవాటవుతుంది.

రింగు సంగతీ అంతే. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు, చలికాలంలో బయట ఆడలేక విసిగిపోతున్న తన విద్యార్థుల కోసం ఈ ఆటను కనిపెట్టాడు. జిమ్నాసియంలో చుట్టూ ఉన్న బాల్కనీ అంచుకు రెండు పీచ్ పళ్ళ బుట్టలు కొట్టించాడు. ఆ అంచు 10 అడుగుల ఎత్తున ఉంది. ఈనాటికీ రింగు ఎత్తు అదే, 10 అడుగులు. అంటే అది ఎదిగిన మగవాళ్ళ కోసం, అదీ ఒక కట్టడం కొలతను బట్టి, వచ్చిపడ్డ ఎత్తు. చిన్నపిల్లల మినీ బాస్కెట్‌బాల్‌లో రింగును 2.60 మీటర్లకు, సుమారు ఎనిమిదిన్నర అడుగులకు దించుతారు. చిన్నపిల్లలను 10 అడుగుల రింగు కిందే నిలబెట్టి, పెద్ద బంతి చేతికిచ్చి "వెయ్యి, వెయ్యి" అనే మాస్టారు ఎదురైతే మనం ఇంకేమీ అడగనక్కర్లేదు, నమస్కారం పెట్టి వచ్చేయవచ్చు.

పన్నెండు, పదమూడేళ్ళు దాటి, స్కూలు జట్టులో ఆడుతూ, తానే పొద్దున లేచి గ్రౌండ్‌కు పరుగెత్తే పిల్లలుంటారు. వాళ్ళకు విడిగా చెప్పేవాడుంటే మేలు జరుగుతుంది. స్కూల్లో పి.ఇ.టి. మాస్టారుకు ఒక పీరియడ్‌లో యాభైమంది పిల్లలు, రెండే బంతులు. ఆయన్ని ఏమనగలం? ఏ పిల్ల ఎడమచేత్తో బంతి కొట్టలేకపోతోందో చూసే తీరిక ఆయనకు లేదు.

ఒక్క మనిషిని పట్టుకుని నేర్పితే ఏమవుతుందో చెప్పటానికి ఒక పాత ఉదాహరణ ఉంది. 1942లో అమెరికాలోని షికాగోలో డిపాల్ యూనివర్సిటీకి రే మేయర్ అనే కోచ్ వచ్చాడు. అక్కడ జార్జ్ మికన్ అని ఒక కుర్రవాడు. ఆరడుగుల పది అంగుళాల పొడుగు, మందపాటి కళ్ళద్దాలు, కాలు కదిపితే తడబాటు. అంత పొడుగువాళ్ళు ఈ ఆటకు పనికిరారని ఆ రోజుల్లో చాలామంది నమ్మేవాళ్ళు. మేయర్ అతని చేత తాడాట ఆడించాడు, బాక్సింగ్ సాధన చేయించాడు, చివరికి డాన్సు కూడా నేర్పించాడు, ఎందుకంటే కాళ్ళకు లయ రావాలి! రింగు కింద ఒకసారి కుడిచేత్తో, ఒకసారి ఎడమచేత్తో, రోజూ వందలసార్లు బంతి వేయించాడు. ఆ కుర్రవాడే తర్వాత ఆ కాలంలో అందరికంటే గొప్ప ఆటగాడయ్యాడు. ఆ సాధనను ఈనాటికీ 'మికన్ డ్రిల్' అనే పిలుస్తారు, చిన్నపిల్లల చేత కూడా చేయిస్తారు. గమనించండి, మేయర్ అతనికి కొత్త కొత్త విన్యాసాలు నేర్పలేదు. లోపం కాళ్ళలో ఉందని కనిపెట్టాడు, కాళ్ళమీదే పనిచేశాడు.

ఇంకొకటి మనకు దగ్గరి కాలానిది. హకీమ్ ఒలాజువాన్ పేరు మన కుర్రవాళ్ళకు తెలుసు. నైజీరియాలోని లాగోస్‌లో పుట్టాడు. చిన్నప్పుడు ఫుట్‌బాల్, హ్యాండ్‌బాల్ ఆడి, పదిహేనేళ్ళు దాటాకనే ఈ బంతి పట్టాడు. 1994లో, 1995లో హ్యూస్టన్ జట్టును వరుసగా ఛాంపియన్‌గా నిలిపాడు. ఆట మానేశాక, కాళ్ళు ఎలా కదపాలో పేరుమోసిన ఆటగాళ్ళకు విడివిడిగా నేర్పేవాడు. 2011లో తన జట్టు ఫైనల్స్‌లో ఓడిపోయాక లెబ్రాన్ జేమ్స్ అంతటివాడు హ్యూస్టన్ వెళ్ళి ఆయన దగ్గర శిష్యరికం చేశాడు. రింగుకు వీపు పెట్టి ఆడటంలో తనకు లోటుందని అతనికి తెలుసు, ఆ లోటు కోసమే వెళ్ళాడు. మనం కూడా మాస్టారు దగ్గరకు వెళ్ళేముందు స్కూలు పి.ఇ.టి.నో, జట్టులో పెద్దపిల్లలనో అడిగి, మన బిడ్డకు ఏది రావటం లేదో ఒక కాగితం మీద రాసుకోవాలి. "అన్నీ నేర్పండి సార్" అంటే ఆయన అన్నీ నేర్పుతూనే ఉంటాడు, సంవత్సరాలు గడుస్తూనే ఉంటాయి.

సరే, మాస్టారు ఎక్కడ దొరుకుతాడు? ఈమధ్య సెల్‌ఫోన్‌లో వీడియోలు చూసి మాస్టార్లను ఎంచుకుంటున్నారు. వీడియోలో బంతి తిప్పేది ఆయన, నేర్చుకోవలసింది మన పిల్లవాడు. ఆయన బంతిని వేలిమీద గిర్రున తిప్పినంత మాత్రాన మనకు ఒరిగేదేమిటి? మా సలహా, ఉదయం ఆరింటికి ఊళ్ళోని గ్రౌండ్లు తిరగండి. కాలేజీ కోర్టుల దగ్గర నిలబడండి. ఏ మాస్టారు చుట్టూ పిల్లలు ఏళ్ళ తరబడి ఉంటున్నారో చూడండి. జిల్లా బాస్కెట్‌బాల్ సంఘం వాళ్ళను అడగండి, కాలేజీ ఫిజికల్ డైరెక్టర్‌ను అడగండి. యూనివర్సిటీకి ఆడి ఉద్యోగాల్లో స్థిరపడినవాళ్ళు, రైల్వే జట్లలో ఆడి రిటైరైనవాళ్ళు కొందరు సాయంత్రాలు సరదాగా నేర్పుతుంటారు. వీళ్ళల్లో ఆణిముత్యాలున్నారు. కాకపోతే వాళ్ళంతట వాళ్ళు బోర్డు కట్టుకోరు, మనమే వెతుక్కోవాలి.

సర్టిఫికెట్లు చూడాలా అంటే, చూడాలి. కాని చదవటం తెలిసి చూడాలి. బి.పి.ఇడి. అన్నది వ్యాయామ ఉపాధ్యాయుడి చదువు. అది ఉన్నంత మాత్రాన బాస్కెట్‌బాల్ కోచ్ అని కాదు. పటియాలాలో 1961లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్స్‌ను మనవాళ్ళు ఎన్.ఐ.ఎస్. అంటారు. అక్కడి డిప్లొమా ప్రత్యేకించి ఒక ఆటలో కోచింగ్ ఇవ్వటానికి. అదే సంస్థ ఆరువారాల సర్టిఫికెట్ కోర్సు కూడా నడుపుతుంది. రెండింటినీ 'ఎన్.ఐ.ఎస్.' అనే అంటారు కనుక డిప్లొమానా, ఆరువారాలదా అని మర్యాదగానే అడగాలి. ఇక "స్టేట్ ఆడాను, నేషనల్స్ ఆడాను" అన్న సర్టిఫికెట్ ఆయన ఆడాడని చెబుతుంది, నేర్పగలడని చెప్పదు. బాగా ఆడినవాళ్ళలో చాలామందికి తమకు సహజంగా వచ్చింది ఎదుటివాడికి ఎందుకు రావటం లేదో అర్థం కాదు, చిరాకు పడతారు. బెంచీ మీద కూర్చుని నేర్చుకున్నవాడు కొన్నిసార్లు మెరుగ్గా నేర్పుతాడు.

అయితే అన్నింటికంటే పెద్ద సర్టిఫికెట్ గ్రౌండ్‌లో ఉంటుంది. మాస్టారుకు చెప్పకుండా ఒక గంటసేపు ఆయన నేర్పుతుంటే దూరంగా కూర్చుని చూడండి. ఆట తెలియకపోయినా ఫరవాలేదు. మా ఉపసంఘంలో సగంమందికి ఆట తెలియదు, అయినా మూడేళ్ళుగా చూస్తూ చూస్తూ కొన్ని పట్టుకున్నాం.

పిల్లలు వచ్చీరాగానే బంతి ఇచ్చి ఆడించేస్తున్నాడా, పది పదిహేను నిమిషాలు ఒళ్ళు వేడెక్కేలా చేయిస్తున్నాడా? గంటలో ఒక్కొక్క పిల్లవాడి చేతిలో బంతి ఎంతసేపుంది? కొందరు మాస్టార్లు పదిమందిని వరుసలో నిలబెట్టి ఒక్కొక్కరిచేత ఒక లే-అప్ వేయిస్తారు. తొమ్మిదిమంది నిలబడి కబుర్లు చెప్పుకుంటారు. గంట అయిపోతుంది, ఫీజు మాత్రం గంటకే. ఎడమచేతి సాధన ఉందా? పిల్లవాడు తప్పు చేసినప్పుడు ఒకేసారి పది తప్పులు ఏకరువు పెడుతున్నాడా, ఒకటి చెప్పి, అది సరిచేయించి, తర్వాత రెండోదానికి వెళుతున్నాడా? నీళ్ళు తాగటానికి ఆపుతున్నాడా? మన గుంటూరు ఎండలో ఇది చిన్న విషయం కాదు. వేసవి సెలవుల్లో ఉదయం తొమ్మిది దాటాక సిమెంటు కోర్టు మీద పిల్లలను పరుగెత్తించే మనిషికి మన బిడ్డను అప్పగించకూడదు. నోటివెంట బూతులు వచ్చేవాడు, చెయ్యెత్తేవాడు, విజిల్ తాడుతో కొట్టేవాడు ఎంత గొప్ప ఆటగాడైనా మనకొద్దు. "మా కాలంలో కొట్టకపోతే వచ్చేది కాదు" అనే పెద్దలు ఈ సభలోనే ఉన్నారని తెలుసు. వారికి వేరే సమయంలో విడిగా సమాధానం చెప్పుకుంటాము!

ముఖ్యంగా చూడవలసింది, ఎగిరి కిందికి దిగటం. ఈ ఆటంతా ఎగరటమే కదా. రింగు దగ్గర ఎగిరిన పిల్లవాడు నేలకు ఎలా దిగుతున్నాడు? మోకాళ్ళు కొద్దిగా వంచి, రెండు పాదాల మీద మెత్తగా దిగాలి. దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి వాలిపోకూడదు. ఆడపిల్లల్లో మోకాలి లోపలి లిగమెంటు తెగటం మగపిల్లల్లో కంటే ఎక్కువని డాక్టర్లు చెబుతారు. సరిగ్గా దిగటం నేర్పే వ్యాయామాలతో ఆ ప్రమాదం తగ్గుతుందని కూడా చెబుతారు. దిగటం నేర్పని మాస్టారు ఎగరటం నేర్పకూడదు. అలాగే ఎదిగే వయసులో కొందరు పిల్లలకు మోకాలి చిప్ప కింద ఎముక ఉబ్బి నొప్పి పెడుతుంది. ఎక్కువ ఎగరటం, పరుగెత్తటం వల్ల వచ్చేది. కొన్నాళ్ళు తగ్గించి ఆడితే సర్దుకుంటుంది. మన సభ్యుల పిల్లవాడు ఒకడు ఇదే నొప్పి చెబితే మాస్టారు "ఓర్చుకో, మగవాడివి కాదూ" అని మరో పది రౌండ్లు పరుగెత్తించాడు. ఆ మాస్టారు పేరు ఇక్కడ అనవసరం. పిల్లవాడు మూడునెలలు గ్రౌండ్ మొహం చూడలేదు.

ఇప్పుడు ఆడపిల్లల విషయం. దీన్ని దాటవేస్తే ఈ ప్రసంగానికి అర్థం లేదు. ఎందుకంటే మా దగ్గరకు వచ్చిన ఇళ్ళలో అసలు వాదన జరుగుతున్నది ఇక్కడే.

ఒక ఇంట్లో తొమ్మిదో తరగతి పిల్ల. స్కూలు జట్టులో ఆడుతుంది, బాగా ఆడుతుంది. తండ్రి సరేనన్నాడు, తల్లి అటూ ఇటూ కాకుండా ఉంది, నానీమా ఒప్పుకోలేదు. మేము వెళ్ళి కూర్చుంటే ఆ పెద్దావిడ మమ్మల్ని వరుసగా ప్రశ్నలడిగింది. "ఆ సారు ఎవరు? ఎవరింటి మనిషి? పెళ్ళాం పిల్లలున్నారా? ఎక్కడ నేర్పుతాడు? అక్కడ ఇంకెవరుంటారు? పిల్లతో ఫోన్‌లో ఎందుకు మాట్లాడాలి?" మేము ఇంటికొచ్చి ఆలోచించుకుంటే, కోచ్‌ను కుదుర్చుకోవటానికి ఇంతకంటే మంచి ప్రశ్నల పట్టిక మా దగ్గర లేదనిపించింది. మగపిల్లల విషయంలో కూడా ఇవే అడగాలి. పిల్లలకు కీడు చేసేవాళ్ళు మగపిల్లలను వదిలిపెడతారని ఎవరు చెప్పారు?

కాబట్టి ఈ విషయంలో మా ఉపసంఘం మాట కచ్చితంగా ఉంది. నాలుగు గోడల మధ్య, తలుపు మూసిన చోట, ఒక మాస్టారు ఒక బిడ్డ, ఇది పనికిరాదు. నలుగురూ చూసే కోర్టులోనే నేర్పాలి. ఇంటివాళ్ళు ఎప్పుడు వచ్చి కూర్చున్నా అభ్యంతరం చెప్పకూడదు. "తల్లిదండ్రులుంటే పిల్లలకు ఏకాగ్రత ఉండదు" అనే మాస్టారుకు దూరంగా కూర్చుంటామని చెప్పండి, అప్పటికీ వద్దంటే ఆ మాస్టారే వద్దు. ఫోన్ మెసేజీలు తల్లిదండ్రుల నంబరుకే రావాలి. ఇతర ఊళ్ళలో పోటీలకు వెళితే ఇంటి మనిషో, మహిళా ఉపాధ్యాయినో వెంట ఉండాలి. 2012లో వచ్చిన పోక్సో చట్టం పద్ధెనిమిదేళ్ళలోపు పిల్లలందరికీ, ఆడా మగా తేడా లేకుండా వర్తిస్తుంది. సంగతి తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలని ఆ చట్టంలోనే ఉంది. 1098 అనే ఫోన్ నంబరును పిల్లలకు కంఠతా వచ్చేట్టు చెప్పండి. మంచి మాస్టారు ఈ షరతులు విని నొచ్చుకోడు. మేము మాట్లాడినవాళ్ళలో ఒకాయన "మీరు అడక్కపోతే నేనే అడిగేవాణ్ణి, నాకూ రక్షణే కదా" అన్నాడు.

దుస్తుల గురించి కూడా చెప్పాలి, దీనిమీద తప్పుడు సమాచారం ఇంకా తిరుగుతోంది. "తలకు గుడ్డ కట్టుకుంటే పోటీల్లో ఆడనివ్వరు" అని. ఒకప్పుడు నిజమే. 2014లో దక్షిణ కొరియాలోని ఇంచియాన్ ఆసియా క్రీడల్లో ఖతర్ ఆడపిల్లల జట్టు హిజాబ్ తీయనన్నందుకు ఆడకుండానే మ్యాచ్ వదులుకోవలసి వచ్చింది. ఆ తర్వాత చాలా వాదోపవాదాలు జరిగి, అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య అయిన ఫిబా 2017 మే నెలలో నిబంధన మార్చింది, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. తలకప్పు జట్టులో కట్టుకున్నవాళ్ళందరిదీ ఒకే రంగు కావాలి. ముఖం మీదా మెడ మీదా విప్పి మూసే కట్లు ఉండకూడదు, వేలాడే కొసలు ఉండకూడదు. అంటే పిన్నులు గుచ్చిన చున్నీ కుదరదు, తలనుంచి తొడుక్కునే కుట్టుడు తొడుగు కావాలి. మన దర్జీలు అరగంటలో కుట్టి ఇస్తారు. కట్టుకునేదీ లేనిదీ ఆ పిల్ల, ఆ ఇంటివాళ్ళ ఇష్టం. కాని మాస్టారుకు ఈ నిబంధన తెలుసా అని అడగండి. "అవన్నీ కుదరవమ్మా" అని తోసిపుచ్చితే ఆయన నిబంధనల పుస్తకం తెరిచి చాలా ఏళ్ళయిందని అర్థం.

ఆ నానీమా సంగతి చెప్పటం మరిచాం. నెలరోజులు తానే వెంట వస్తానని షరతు పెట్టింది. కోర్టు పక్కన వేపచెట్టు కింద కుర్చీ వేయించుకుని తస్బీహ్ తిప్పుకుంటూ కూర్చునేది. నెల తిరిగేసరికి అక్కడ్నుంచే "బేటీ, ఎడంచెయ్యి! ఎడంచెయ్యి!" అని కేకలు. ఇప్పుడు మాస్టారుకు ఆవిడంటేనే భయం.

రంజాన్ నెల మాట. పిల్లలు రోజా ఉంటారు, సాధన మానాలా అని అడుగుతున్నారు. ఒలాజువాన్ ఉపవాసముంటూనే మ్యాచ్‌లు ఆడేవాడు, 1995 ఫిబ్రవరిలో రంజాన్ నడుస్తుండగా ఆడి, ఆ నెలకు ఎన్.బి.ఎ.లో ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. అది విని మన పిల్లలను ఎండలో ఎగిరించమని మా ఉద్దేశం కాదు. ఆయన ఎదిగిన మనిషి, చుట్టూ వైద్యులున్నారు, ఆడింది చల్లటి హాలులో. మనకు ఇఫ్తార్‌కు ముందు అరగంట తేలిక సాధనో, తరావీహ్ తర్వాత దీపాల కింద షూటింగో చాలు. మాస్టారుతో ఒప్పందం చేసుకునేనాడే ఈ నెల సంగతి మాట్లాడుకోవాలి. ఆయన ఏ మతంవాడైనా ఫరవాలేదు, పిల్లవాడి ఒంటిని గౌరవించేవాడైతే చాలు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాము. మూడునెలలు, ఆరునెలలు ముందుగా కట్టవద్దు. ఇద్దరు సభ్యులు అలా కట్టారు, ఆ శిక్షకుడు రెండోనెలలోనే ఊరు విడిచి వెళ్ళిపోయాడు. నెల పూర్తయ్యాక ఇవ్వండి. వారానికి ఎన్ని రోజులు, ఎంతసేపు, వాన పడితే ఏమిటి, పరీక్షలప్పుడు ఏమిటి, ఒక తెల్లకాగితం మీద రాసుకోండి. కుదిరిన మాట మాత్రం నిలబెట్టుకోవాలి. నెలాఖరున మాస్టారును మన గుమ్మం చుట్టూ తిప్పించుకునే గుణం మనలో కొందరికి ఉంది, అది ఇంకా సిగ్గుచేటు.

"సెలక్షన్ ఇప్పిస్తాను, స్పోర్ట్స్ కోటాలో సీటు ఇప్పిస్తాను" అనేవాళ్ళు తగులుతారు. కోటాలున్న మాట నిజమే, రైల్వే వంటి సంస్థలు ఆటగాళ్ళకు ఉద్యోగాలిస్తున్న మాటా నిజమే. కాని ఏ మాస్టారు చేతిలోనూ అవి లేవు. పొడుగు పెంచుతానన్నవాణ్ణి కూడా నమ్మవద్దు, పొడుగు అమ్మానాన్నలనుంచి వస్తుంది, తిండినుంచి వస్తుంది. డబ్బాల్లో పొడులు అమ్మేవాళ్ళైతే మరీ ప్రమాదం. అందులో నిషిద్ధ పదార్థముండి పరీక్షలో పట్టుబడితే "మాస్టారు ఇచ్చాడు, నాకు తెలియదు" అంటే చెల్లదు. ఒంట్లో దొరికినదానికి ఆటగాడే బాధ్యుడని డోపింగ్ నిబంధన. గుడ్డు, పాలు, వేరుశనగ, మన ఇంటి దాల్చా, వీటికి ఏ పరీక్షా లేదు.

ఇక మొదట్లో వాయిదా వేసిన జవాబు. ఇది డబ్బున్నవాళ్ళ వ్యవహారమనీ, సొసైటీ నిధిని దీనికి వాడకూడదనీ అన్నారు. లెక్క ఇలా చూడండి. ఉదాహరణకు మాస్టారు గంటకు 500 రూపాయలు అడిగాడనుకుందాం. నెలకు 12 గంటలు. ఒక్క ఇల్లే భరిస్తే 6,000. మనలో ఎన్ని ఇళ్ళు భరించగలవు? అదే ఒకే వయసు పిల్లలు నలుగురిని కలిపితే ఇంటికి 1,500. పైగా ఇది బాక్సింగ్ కాదు, కుస్తీ కాదు. బంతి అందించటానికి ఒకడు, అడ్డుకోవటానికి ఒకడు ఉండాలి. ఒంటరిగా నేర్చుకున్న పిల్లవాడు షూటింగ్ బాగా చేస్తాడు, ఎదురుగా మనిషి చెయ్యి లేపగానే తెల్లబోతాడు. కాబట్టి నలుగురికి ఒక మాస్టారు అన్నది బీదరికం వల్ల చేసుకున్న సర్దుబాటు కాదు, ఆటకు కూడా అదే మంచిది.

మా ప్రతిపాదన ఏమంటే, నలుగురు పిల్లలు ఫీజు కట్టే ప్రతి జట్టులో అయిదో బిడ్డను ఫీజు లేకుండా చేర్చుకోవాలి, ఆ షరతు మీదనే సొసైటీ మాస్టారును కుదిర్చి పెడుతుంది. సొసైటీ నిధిలోంచి ఒక్క రూపాయి స్కాలర్‌షిప్పు సొమ్ము దీనికి మళ్ళించం. బంతులు, అయిదో బిడ్డ బూట్లు మాత్రం ఈ సభలో ఎవరైనా ఇష్టపూర్వకంగా ఇచ్చే చందాతో కొంటాం. ఇది మాకు ఊరికే తట్టిన ఆలోచన కాదు. ముంబాయిలో నాగ్‌పాడా అని మనవాళ్ళు ఎక్కువగా ఉండే పేటుంది. ఇరుకు గల్లీలు, ఆటస్థలానికి చోటే లేదు. అయినా అక్కడి కోర్టుల మీద పెరిగిన పిల్లలు దేశం తరఫున ఆడారు. అక్కడివాడైన అబ్బాస్ మున్తసిర్ భారత జట్టుకు నాయకుడై 1970లో అర్జున అవార్డు అందుకున్నాడు. ఆ పేటలో పెద్దపిల్లలు చిన్నవాళ్ళకు నేర్పటం ఆనవాయితీ. మనకు అంత పెద్ద ఆనవాయితీ లేదు, మొదలుపెట్టటానికి ఒక మాస్టారు కావాలి. రెండేళ్ళు ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లలు వారానికి ఒకరోజు చిన్నవాళ్ళకు నేర్పాలన్నది ఆ కాగితంలో ఇంకో షరతుగా రాయిస్తాం.

ఈ ప్రతిపాదన మీద కార్యవర్గం ఈరోజే ఓటు తీసుకుంటుంది. వద్దన్నవారు కూడా నిలబడి కారణం చెప్పవలసిందిగా కోరుతున్నాము. ఒప్పుకుంటే, వచ్చే ఆదివారం ఉదయం ఆరు గంటలకు హైస్కూలు గ్రౌండ్‌కు రండి. మేము చూసివచ్చిన మాస్టార్లు ముగ్గురు, అందులో ఒకరు మహిళ, ఒక్కొక్కరు ముప్పావుగంట చొప్పున మన పిల్లలకు నేర్పి చూపిస్తారు. ఎవరు కావాలో తల్లిదండ్రులే చెప్పాలి. తల్లులు తప్పక రావాలి, నానీమాలకు, దాదీమాలకు కుర్చీలు వేయిస్తాం. పిల్లలు ఖాళీ కడుపుతో రాకుండా ఒక అరటిపండైనా తిని రావాలి, నీళ్ళ సీసా తెచ్చుకోవాలి. చెప్పులతో వచ్చినవాళ్ళను కోర్టులోకి రానివ్వరు. 5వ సైజు బంతులు రెండు, 6వ సైజువి మూడు ఆఫీసులో ఉన్నాయి. గాలి కొట్టే పంపు మాత్రం కిందటి నెలలో ఎవరో తీసుకెళ్ళారు, శనివారం సాయంత్రంలోగా తెచ్చి ఇవ్వవలసిందిగా మనవి.